‘అబ్బాయికి చెప్పకమ్మా’ అన్నారు అత్తయ్య... మాట నిలబెట్టుకోనా?

పేరు రాయొద్దని కోరిన ఒక కోడలి ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

అత్తగారికి 76 ఏళ్లు. మామగారు పోయి రెండేళ్లయింది. అయిదు నెలల కిందట ఒక రాత్రి బాత్రూమ్‌కి వెళ్దామని మంచం దిగి, నాలుగడుగులు వేసేలోపే అత్తగారు పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, విప్పారు, చెయ్యి బాగానే అతుక్కుంది. కానీ ఆ రాత్రి నుంచి ఇంట్లో పద్ధతి మారిపోయింది. ‘తోడు లేకుండా అమ్మ అడుగు వేయడానికి వీల్లేదు’ అని భర్త గట్టిగా చెప్పారు. వంటింట్లోకి వద్దు, మేడ మీద మొక్కల దగ్గరికి వద్దు, సాయంత్రం నడక వద్దు. రోజంతా కుర్చీలో, లేకపోతే మంచం మీద. అంతకుముందు ఎవరి సాయం లేకుండా లేచి తిరిగిన మనిషికి ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా చెయ్యి అందించాల్సి వస్తోంది.

మూడు వారాల కిందట తెల్లవారుజామున మళ్లీ పడ్డారు. మంచం దిగి నిలబడగానే కళ్లు తిరిగినట్టయి పక్కకు ఒరిగిపోయారట. చప్పుడు విని కోడలు పరుగెత్తుకెళ్లి లేవదీశారు. తొడ మీద కమిలింది తప్ప పెద్ద దెబ్బ తగల్లేదు. భర్త ఆ రోజు ఊళ్లో లేరు. అత్తగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని, ‘అబ్బాయికి చెప్పకమ్మా. తెలిస్తే ఇక ఈ గది దాటనివ్వడు’ అని బతిమాలారు. సరేనన్నారు ఈమె.

అప్పటినుంచి ఈమెకు కంటి మీద కునుకు లేదు. పక్క గదిలో మంచం కిర్రుమంటే లేచి కూర్చుంటున్నారు. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతారు కాబట్టి ‘ఇంట్లోనే ఉంటావుగా, ఆ మాత్రం చూసుకోలేవా?’ అన్న మాట ఒకటి. ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా ‘రాత్రీ పగలూ ఒక మనిషిని పెట్టండి’ అంటున్నారు. భర్త మంచానికి అడ్డుకడ్డీలు పెట్టించి, రాత్రిపూట డైపర్ వేద్దామంటున్నారు. ఆ మాట చెవిన పడిన రోజు అత్తగారు భోజనం చేయలేదు. వాడుతున్న మందులు బీపీకి రెండు, షుగర్‌కి ఒకటి, మామగారు పోయిన కొత్తలో మొదలుపెట్టిన నిద్రమాత్ర ఒకటి. కళ్లజోడు పైన దూరానికి, కింద చదవడానికి ఉండే రకం.

ఇంత రాసి మూడు ప్రశ్నలు అడిగారు. ‘ఇచ్చిన మాట తప్పనా? మనిషిని పెట్టమంటారా, డైపర్‌కి ఒప్పించమంటారా? రేపు ఆవిడకు తుంటి ఎముక విరిగితే అది నా తప్పే కదా?’

సమాధానం:

మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగతా రెండూ ఆ టెన్షన్‌లోంచే వస్తున్నాయి.

మీ తప్పు కాదమ్మా. ఒక మనిషి పడిపోవడానికి ఒక్క క్షణం చాలు. ఇరవై నాలుగు గంటలూ నర్సులు తిరిగే ఆసుపత్రి వార్డుల్లో కూడా పెద్దవాళ్లు పడుతుంటారు. పక్క గదిలో పిల్లలకు పాఠం చెబుతూనో, నిద్రపోతూనో మీరు ఆ క్షణాన్ని ఆపగలరని ఎవరైనా అనుకుంటే అది జరగని పని. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంట్లో జరిగే ప్రతిదానికీ మీరొక్కరే పూచీ అన్న లెక్క ఎక్కడో మొదలైంది. మీరూ దాన్ని నమ్మడం మొదలుపెట్టారు. దాని గురించి మీవారితో మాట్లాడాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి, చివర్లో చెబుతాను.

అలాగని మీవారి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వాళ్లలో 60 దాటినవారే ఎక్కువ. తుంటి ఎముక విరిగాక మునుపటిలా నడవలేకపోయిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన తల్లి గురించి భయపడుతున్నారు. ఆ భయంతో ఆయన ఎంచుకున్న దారి మాత్రం ఆమెను ఇంకా పడేలా చేస్తోంది. నా బాధంతా అక్కడే.

మీ ఉత్తరంలోనే రుజువు ఉంది చూడండి. అయిదు నెలల కిందట ఆవిడకు విరిగింది చెయ్యి. కాళ్లకు ఏమీ కాలేదు. అయినా ఇప్పుడు కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. కూర్చోబెట్టడం వల్ల వచ్చిన బలహీనత ఇది. 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచితే, వాళ్ల కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్లకు పది రోజుల్లో అంత నష్టం! మీ అత్తయ్యగారు పూర్తిగా మంచాన లేరు నిజమే, కానీ వారిది అయిదు నెలల కూర్చోవడం. కండ తగ్గితే తూలినప్పుడు నిలదొక్కుకునే బలం ఉండదు. పడతారన్న భయంతో కదలనివ్వం, కదలకపోవడంతో బలం పోతుంది, బలం లేక మళ్లీ పడతారు, దాంతో మన భయం ఇంకాస్త పెరుగుతుంది. మా అమ్మ విషయంలో నేనూ ఇదే చేశాను. ‘నువ్వు కూర్చో, నేను తెస్తాను’ అనడమే ప్రేమ అనుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఇంకొకటి కనిపించింది. మొదటిసారి పడినప్పుడు విరిగిన ఎముకకు వైద్యం జరిగింది. ఎందుకు పడ్డారన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. రెండుసార్లూ మంచం దిగిన వెంటనే పడ్డారు. రెండుసార్లూ చీకట్లోనే, నిద్రమాత్ర వేసుకున్న రాత్రే. బాత్రూమ్‌లో కాలు జారడం గురించే అందరూ ఆలోచిస్తున్నారు. ఆవిడ జారలేదమ్మా, తూలారు. ఈ తేడా డాక్టర్‌కి చాలా ముఖ్యం.

కొందరికి పడుకుని లేచి నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని పట్టించుకోవాల్సిన సంగతిగా డాక్టర్లు చూస్తారు. కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూస్తే ఇది బయటపడకపోవచ్చు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఆవిడను అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. మీరు పక్కనే ఉండి, వెనక కుర్చీ పెట్టుకుని చేయండి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టేయండి. మూడు అంకెలూ కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

నిద్రమాత్ర సంగతి కూడా అడగాలి. దుఃఖంలో ఉన్నప్పుడు కొన్నాళ్ల కోసం మొదలుపెట్టిన మాత్ర, ఎవరూ ఆపమనకపోవడంతో ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది. చాలా ఇళ్లలో జరిగేదే. ఆ మత్తు రాత్రి లేచినప్పుడూ తెల్లవారాకా కూడా ఉండి, అడుగును తడబడేలా చేస్తుంది. అయితే దయచేసి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. చాలాకాలం వాడినవాళ్లు హఠాత్తుగా మానేస్తే నిద్ర పూర్తిగా చెడిపోవచ్చు, కొన్ని రకాల మాత్రలతో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి. బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువగా తెప్పించేదైతే దాన్ని ఏ పూట వేసుకోవాలో అడగండి. వేళ మారిస్తే రాత్రి లేవాల్సిన అవసరం తగ్గొచ్చు. షుగర్ మాత్ర వల్ల తెల్లవారుజామున షుగర్ మరీ తగ్గుతోందా, పాదాల్లో స్పర్శ ఎలా ఉంది అన్నవీ చూడమనండి. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. ఎముకల సాంద్రత పరీక్ష జరిగిందా అని అడగండి. దానికి మందులున్నాయి. మళ్లీ పడినా తుంటి విరగకుండా కాపాడే అవకాశం వాటికి ఉంది. కంటి పరీక్ష కూడా చేయించండి, శుక్లాలు ఉన్నాయేమో. పైన దూరానికి, కింద చదవడానికి ఉండే ఆవిడ కళ్లజోడుతో కిందికి చూస్తే చదివే అద్దంలోంచి మెట్టు మసగ్గా కనిపిస్తుంది. మెట్లు దిగేటప్పుడు గడ్డం కాస్త దించి పై అద్దంలోంచి చూడటం ఆవిడకు అలవాటు చేయించండి.

ఇవన్నీ తేలాలంటే రెండోసారి పడిన సంగతి డాక్టర్‌కి తెలియాలి. కాబట్టి ఇప్పుడు మీ మొదటి ప్రశ్న.

దాచిపెట్టడంలో అత్తయ్యగారు ఒంటరి కారు. అమెరికాలో 65 దాటినవారిలో ప్రతి నలుగురిలో ఒకరికంటే ఎక్కువ మంది ఏటా పడుతుంటే, వాళ్లలో సగం మంది కూడా డాక్టర్‌కి చెప్పడం లేదు. మీ అత్తయ్యగారికి ఎందుకు భయమో ఆవిడే చెప్పారు. ఉన్న కాస్త తిరుగుడూ పోతుందని. మొదటిసారి నిజం తెలిసినప్పుడు దొరికింది శిక్షే కదా, ఆవిడ దృష్టిలో.

మీరు మాట నిలబెట్టుకుని ఊరుకుంటే ఆవిడ నమ్మకం మిగులుతుంది. కానీ కారణం అలాగే ఉండిపోతుంది. మూడోసారి పడితే, రెండోసారి సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది. ఆ రోజు మీ ఇంట్లో జరిగే గొడవను మీరు ఊహించగలరు. పోనీ ఆవిడకు తెలియకుండా మీవారికి చెబితే? మీ గుండె బరువు దిగుతుంది, కానీ ఇంట్లో ఆవిడ నిజం చెప్పుకున్న ఒక్క మనిషీ పోతుంది. ఈసారి పడితే మీకూ చెప్పరు. కమిలిన చోటు చీర కింద దాచుకుంటారు. ఈ నష్టం చిన్నది కాదు.

మూడో దారి ఒకటుంది. నాకైతే అదే మంచిదనిపిస్తోంది, కాకపోతే కాస్త ఓపిక కావాలి. ఆవిడ దగ్గరే కూర్చుని మాట్లాడండి. ‘అత్తయ్యా, మీ మాట దాచాను. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. మీరు గదిలో ఉండిపోవాలని నేను కోరుకోవడం లేదు, మళ్లీ మొక్కల దగ్గరికి వెళ్లాలని కోరుకుంటున్నాను. ముందు మనిద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఆయన ఏం చెబుతారో విని, అబ్బాయికి మీరే చెబుదురుగాని. నేను పక్కనే ఉంటాను.’ మీ సొంత మాటల్లో ఇలాంటిదే చెప్పండి. చేతిలో డాక్టర్ చెప్పిన కారణం, చేయాల్సిన పని రెండూ ఉంటే, ‘అమ్మ మళ్లీ పడింది’ అన్న వార్త మీవారి చెవికి వేరేలా వినిపిస్తుంది. ఒప్పుకోకపోతే ఒక గడువు పెట్టుకోండి, వారమో పది రోజులో. ఆ తర్వాత మీరే చెప్పాల్సి వస్తుందని ఆవిడతో ముందే అనండి. వెనక నుంచి చెప్పడం కన్నా ముందు చెప్పి చెప్పడం గౌరవం.

ఒక్క విషయంలో మాత్రం రహస్యం కుదరదని ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. తలకు దెబ్బ తగిలినా, స్పృహ తప్పినా, ఎలా పడ్డారో గుర్తు లేకపోయినా వెంటనే ఆసుపత్రికి, వెంటనే ఇంట్లో అందరికీ. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకైతే తలకు తగిలిన చిన్న దెబ్బనూ అలా వదలకూడదు, లోపల రక్తస్రావం తర్వాత మెల్లగా బయటపడొచ్చు. స్పృహ తప్పి పడితే గుండెను కూడా చూడాలి.

ఇక డైపర్, అడ్డుకడ్డీలు. మీవారు చెడు ఉద్దేశంతో అనలేదు. కానీ నడవగలిగి, మూత్రం ఆపుకోగలిగిన మనిషికి డైపర్ వేస్తే ఆవిడ అందులో పోరు, ఎవరికీ చెప్పకుండా లేచి బాత్రూమ్‌కే వెళ్లే ప్రయత్నం చేస్తారు. అడ్డుకడ్డీలు ఉంటే వాటి మీదుగా దాటబోతారు. అప్పుడు పడితే మామూలుకన్నా ఎత్తు నుంచి పడతారు. కడ్డీల మధ్య ఇరుక్కుని గాయపడినవాళ్లూ ఉన్నారు. రాత్రి దూరం తగ్గించడమే అసలు కావాల్సిందైతే, మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టొచ్చు. దానికీ ఆవిడ మొదట ముఖం చిట్లించవచ్చు. ‘రాత్రికి మాత్రమే, తెల్లారగానే తీసేస్తాను’ అంటే ఒప్పుకోవచ్చు. అదీ వద్దంటే మంచం నుంచి బాత్రూమ్ దాకా కింద కాళ్ల దగ్గర వెలిగే చిన్న లైట్లు, మనిషి కదిలితే వెలిగే రకమైతే ఇంకా మంచిది. దారిలో కాళ్లకు తగిలే పట్టాలు, వైర్లు తీసేయండి. కమోడ్ పక్కన గోడకు బోల్టులతో గట్టిగా బిగించిన పట్టుకునే కడ్డీ ఉండాలి. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదు, దాన్ని పట్టుకునే అలవాటు ఉంటే మాన్పించండి. మంచం ఎత్తు ఎంతో కూడా చూడండి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. లేచేటప్పుడు ఆ అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, మడమలు పైకీ కిందికీ ఆడించి, నిలబడ్డాక కాసేపు ఏదైనా పట్టుకుని ఆగి, ఆ తర్వాతే అడుగు వేయాలి. ఇది మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు.

మనిషిని పెట్టడం గురించి. మీకు నిద్ర లేని రాత్రులు ఎక్కువైతే రాత్రిపూట ఒక మనిషి ఉండటం మీ ఆరోగ్యానికి అవసరమే. అందులో తప్పు లేదు. అయితే వచ్చే మనిషికి ఏ పని అప్పజెబుతారన్న దాని మీదే అంతా ఉంది. నీళ్లు అందించి, చెప్పులు తొడిగి, ప్రతిసారీ చేయి పట్టి లేపే మనిషి అయితే మిగిలిన బలమూ పోతుంది. పక్కన నడిచే మనిషి, ఆవిడ లేస్తుంటే అందుబాటులో నిలబడి ఊరుకోగలిగే మనిషి అయితే మేలు జరుగుతుంది. ఆడపడుచుగారికి ఈ తేడా చెప్పండి. ఖర్చులో పాలు పంచుకోమని అడగడానికి కూడా మొహమాటపడకండి, సలహా ఆవిడదే కదా.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది వ్యాయామం. ముఖ్యంగా నిలకడ కోసం, కాళ్ల బలం కోసం చేసేవి. 2019లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 108 పరిశోధనలను, 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను కలిపి చూసింది. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. ఏదో ఒకటి కదిలితే చాలనుకోకండి, నిలకడను కొంచెం కష్టపెట్టేవి కావాలి. మొదట నాలుగైదు వారాలు ఫిజియోథెరపిస్ట్ వచ్చి చూపిస్తే మంచిది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, కాలు పక్కకు చాపడం, ఒక పాదం వెనక ఇంకో పాదం ఆనించి నిలబడటం, ఇలాంటివి. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున మొదలుపెట్టొచ్చు. బలం పెరుగుతోందో లేదో మీరే చూడొచ్చు. 75 నుంచి 79 ఏళ్ల ఆడవాళ్లు చేతులు ఆనించకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి 10 సార్లయినా లేవలేకపోతే, పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మీ అత్తయ్యగారు ఇప్పుడు ఒక్కసారీ లేవలేకపోవచ్చు. మొదట ఎత్తైన కుర్చీతో, చేతుల సాయంతో మొదలుపెట్టండి. నెల తర్వాత ఒకసారి చేతులు వదిలి లేచిన రోజు ఆవిడ ముఖం చూడండి.

ఆవిడ నడుస్తున్నప్పుడు వెనక నుంచి ‘జాగ్రత్త, జాగ్రత్త’ అనొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ప్రేమతోనే అంటాం, కానీ ఆ వయసులో నడక మీదా మాట మీదా ఒకేసారి మనసు పెట్టడం కష్టం. మాట్లాడాలంటే ఆగి మాట్లాడుకోవాలి. ఇంట్లో ఉత్త కాళ్లతోనో, మడమ జారిపోయే చెప్పులతోనో కాకుండా వెనక పట్టీ ఉండి, అడుగు పల్చగా, జారకుండా ఉండే చెప్పులు వేసుకుంటే మేలు. చేతికర్ర ఇస్తే దాని ఎత్తు, నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు దగ్గరికి రావాలి. ఇంకెవరిదో పాత కర్ర తెచ్చి ఇవ్వకండి.

ఇన్ని చేసినా మళ్లీ పడొచ్చు. అందుకు కూడా సిద్ధంగా ఉండండి. పిలిస్తే వినపడే గంటో, మెడలో వేసుకునే ఫోనో దగ్గర ఉండాలి. గంటల తరబడి నేల మీద ఉండిపోవడం దెబ్బ కన్నా ఎక్కువ హాని చేయొచ్చు. మీరు వెళ్లగానే చంకల కింద చేతులు వేసి లాగకండి. ముందు ఎక్కడ నొప్పో అడగండి. తుంటిలో బాగా నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా బయటికి తిరిగినట్టు కనిపించినా కదల్చకుండా అంబులెన్స్ పిలవండి. ఏమీ లేదంటే పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, ఎదురుగా మీరు పెట్టిన కుర్చీని పట్టుకుని, ఒక పాదం ముందుకు వేసి లేవాలి. ఇది ఫిజియోథెరపిస్ట్ దగ్గరే ముందుగా నేర్చుకోవచ్చు. నేల మీద నుంచి లేవగలనన్న ధైర్యం వస్తే పడతానన్న భయం సగం పోతుంది.

ఇప్పుడు మీవారితో మాటలు. ఆయన మీద ఫిర్యాదులా మొదలుపెట్టకండి. ‘అమ్మ గురించి మీ భయం నాకూ ఉంది. కానీ నేనొక్కదాన్నే కాపలా కాస్తే సరిపోదు, నా వల్ల కావడం లేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు ఆయననూ రమ్మనండి. కాళ్ల బలం గురించి మీరు చెబితే ఒక రకంగా, డాక్టర్ చెబితే ఒక రకంగా ఉంటుంది, ఆ అవకాశం వాడుకోండి. సాయంత్రం నడక ఆయన బాధ్యత అనండి. తల్లిని నడిపించే కొడుకుకు, కూర్చోబెట్టాలన్న పట్టుదల మెల్లగా తగ్గుతుంది. రాత్రి చప్పుడు అయితే ఎవరు లేవాలన్నది రోజు మార్చి రోజు పంచుకోండి. మీ వంతు కాని రాత్రి తలుపు వేసుకుని పడుకోండి.

ఇక మేడ మీద మొక్కలు. ఇప్పుడే మెట్లెక్కడం కుదరకపోవచ్చు, కాళ్లలో బలం వచ్చాక రెండు వైపులా పట్టుకునేవి ఉంటే అదీ చూడొచ్చు. ఈలోపు కొన్ని కుండీలు కిందికి దింపి, వంగకుండా అందేలా నడుము ఎత్తు బల్ల మీద పెట్టండి. గది గుమ్మం నుంచి వాటి దాకా పది పన్నెండు అడుగులు పడేలా చూడండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆవిడే వెళ్లి చూసుకునేలా. ఏ కుండీలు దింపాలో మాత్రం మీరు నిర్ణయించకండి, అత్తయ్యగారినే అడగండి.